లైసెన్స్ రాకముందు పదేళ్లు: కొత్త ఆర్టిస్టులకు మన జహీరాబాద్ పాఠం

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ప్రశ్న గురించి. నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఇదే ఉంటది, అడిగే తీరే వేరు. "అన్నా, నేను బొమ్మలు బాగా వేస్తా, ఇంట్లో ఒప్పుకుంటలేరు." "అన్నా, షార్ట్ ఫిల్మ్ తీశా, జాబ్ మానేసి హైదరాబాద్ పోదామనుకుంటున్నా." "అన్నా, ఏ కెమెరా కొనాలి?" "మా అక్క మంచిగ పాడుతది, ఛానల్ పెట్టాలా వద్దా?"

విడిగా చూస్తే నాలుగు ప్రశ్నలు. దగ్గరగా చూస్తే అన్నిటి వెనక ఉన్నది ఒకటే. ఎవరైనా నాకు పర్మిషన్ ఇస్తే మొదలుపెడతా అని. ఆ పర్మిషన్ ఒకరికి నాన్న ఇవ్వాలి, ఒకరికి ప్రొడ్యూసర్ ఇవ్వాలి, ఒకరికి యూట్యూబ్ ఇవ్వాలి, ఇంకొకరికి లక్ష రూపాయల కెమెరా ఇవ్వాలి.

దీనికి జవాబు కోసం ముంబై పోవాల్సిన పని లేదు. ఫిల్మ్‌నగర్ కూడా పోనక్కర్లేదు. జహీరాబాద్ బస్టాండ్ నుంచి కొంచెం దూరంలోనే, ఝరాసంగం మండలం మాచ్‌నూర్‌లో ఉంది జవాబు. మనలో చాలామంది ఆ రోడ్డు మీద బైక్ మీద వెళ్లే ఉంటారు. కేతకి సంగమేశ్వర గుడికి పోయేటప్పుడో, చుట్టాల పెళ్లికో. అక్కడ ఒక రేడియో స్టేషన్ ఉందని ఎంతమందికి తెలుసు?

దాని పేరు సంఘం రేడియో. 90.4 ఎఫ్ఎం. 2008 అక్టోబర్ 15న మొదలైంది. మన దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున, ఊరోళ్ల కోసం లైసెన్స్ తెచ్చుకుని గాలిలోకి వచ్చిన మొదటి కమ్యూనిటీ రేడియో ఇదే. దాన్ని నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, ఇంకొకరు అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ పల్లెటూరి దళిత కుటుంబాల ఆడపిల్లలే. సౌండ్ ఇంజినీరింగ్ చదివినవాళ్లు కాదు, సిటీ నుంచి వచ్చినవాళ్లు కాదు. రికార్డింగ్, ఎడిటింగ్, మిక్సర్ అన్నీ వాళ్లే.

ఇక్కడిదాకా విన్నవాళ్లు "స్ఫూర్తిదాయకం" అని ఒక దండం పెట్టి స్క్రోల్ చేస్తారు. ఆగండి. అసలు విషయం 2008 కాదు, అంతకు ముందు జరిగింది.

కొంచెం వెనక్కి పోదాం. పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఒక సంస్థ ఉంది. 1980లలో మొదలైంది. పేద దళిత ఆడవాళ్లతో ఊరూరా సంఘాలు పెట్టి, జొన్న, కొర్ర, సామ లాంటి పాత పంటల మీద పనిచేసింది. దాన్ని నడిపిన పి.వి. సతీశ్ గారు అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 2023 మార్చిలో చనిపోయారు. సంఘం ఆడవాళ్లు మాకూ సొంత మీడియా కావాలన్నారు. 1990ల చివర్లో యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో స్టూడియో తయారైంది.

కానీ స్టూడియో ఉంటే సరిపోదు. గాలిలోకి పంపడానికి ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. అయినా లైసెన్స్ ఎవరికి ఇవ్వాలన్న రూల్ మారలేదు. ముందు కాలేజీలకు, యూనివర్సిటీలకు ఇచ్చారు. స్వచ్ఛంద సంస్థలు కూడా అప్లై చేసుకోవచ్చని పాలసీ మారింది 2006 నవంబర్‌లో. అప్పుడు అప్లై చేసి, తిరిగి తిరిగి, 2008లో తెచ్చుకున్నారు. 1995 నాటి తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంత్ గారే వచ్చి స్టేషన్ ప్రారంభించారు.

లెక్కేయండి. స్టూడియో వచ్చినప్పటి నుంచి లైసెన్స్ వచ్చేదాకా సుమారు పదేళ్లు. ఈ పదేళ్లు వాళ్లేం చేశారు?

ప్రోగ్రాములు చేశారు. విత్తనాల గురించి, పశువుల జబ్బుల గురించి, ఆడవాళ్ల ఆరోగ్యం గురించి, పాటలు, కతలు, పండగలు. అన్నీ క్యాసెట్ల మీద రికార్డ్ చేశారు. ఆ క్యాసెట్లు సంఘం మీటింగులకు పట్టుకుపోయి టేప్‌రికార్డర్‌లో వేసి వినిపించారు. విన్నవాళ్లు "ఇది బాగుంది, ఇది అర్థం కాలే, ఆ పాట మా ఊర్లో ఇంకో తీరు పాడుతరు" అని చెప్పారు. మళ్లీ చేశారు. ఒక్కో మీటింగుకి ఇరవై, ముప్పై మంది. వ్యూస్ భాషలో చెప్పాలంటే ముప్పై వ్యూస్. అలా పదేళ్లు.

లైసెన్స్ వచ్చిన రోజున వాళ్ల దగ్గర టేపుల గుట్ట ఉంది, చెయ్యి తిరిగిన పని ఉంది, వినేవాళ్లకి ఏం కావాలో తెలుసు. ప్రసారం ఒక్కటే కొత్త.

నేను చెప్పదలచుకున్న మొదటి మాట ఇదే. ప్రసారానికి పర్మిషన్ కావాలి. పనికి పర్మిషన్ అక్కర్లేదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే మనలో చాలామంది మొదలుపెట్టకుండా ఆగిపోతున్నాం.

ఇప్పుడు మన కాలం లైసెన్స్ సంగతి చూద్దాం. యూట్యూబ్‌లో యాడ్స్ మీద వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గత 12 నెలల్లో 4,000 గంటల వాచ్‌టైమ్ ఉండాలి. లేదా షార్ట్స్ మీద 90 రోజుల్లో కోటి వ్యూస్ రావాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ వీడియో ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూశారనుకోండి, 60,000 సార్లు చూడాలి. అది దాటాక యాడ్ డబ్బుల్లో మామూలు వీడియోలకి 55 శాతం, షార్ట్స్‌కి 45 శాతం మీ వాటా. అది కూడా 100 డాలర్లు జమయ్యాకే బ్యాంక్‌లో పడుతుంది.

ఈ లెక్క భయపెట్టడానికి చెప్పట్లేదు. మానిటైజేషన్ వచ్చేదాకా ఉన్న టైమ్‌ని వెయిటింగ్ టైమ్ అనుకోవద్దని చెప్తున్నా. అదే మీ క్యాసెట్ టైమ్. ఆ టైమ్‌లో మీకు కావాల్సింది వెయ్యి మంది కాదు, ముప్పై మంది. మీరు తీసేది చెరుకు రైతుల మీద అయితే ఐదుగురు చెరుకు రైతులకు ఫోన్‌లో చూపించండి. పక్కన కూర్చోండి. ఎక్కడ ఫోన్ పక్కన పెట్టారో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ "అట్ల కాదు బాబూ" అన్నారో చూడండి. ఏ అనలిటిక్స్ గ్రాఫూ ఆ "అట్ల కాదు బాబూ" చెప్పదు.

బొమ్మలేసేవాళ్లకీ అంతే. నూట ఎనభై ఫాలోవర్లున్న ఇన్‌స్టా పేజీ చూసి బాధపడే బదులు, ఊరి బడి గోడ మీద ఒక్క బొమ్మ వేయండి. రోజూ ఆ దారిలో పోయే నూట ఎనభై మంది ఆగి చూస్తారు. కొందరు తప్పులు కూడా పడతారు. మంచిదే కదా.

రెండో మాట. డబ్బులు. అసలు భయం ఇక్కడుంది.

"జాబ్ మానేయనా?" నేను బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, తర్వాత ఇటు వచ్చినవాణ్ని కాబట్టి నన్ను ఈ ప్రశ్న ఎక్కువ అడుగుతారు. "మానేయ్ తమ్ముడూ, కలను నమ్ముకో" అని చెప్తానని ఎదురు చూస్తారు. నేను చెప్పను. ఎందుకంటే ఆ మాట చెప్పేవాడు నెలాఖరుకి మీ ఇంటి కిరాయి కట్టడు.

మళ్లీ మన చెలకలకి పోదాం. జహీరాబాద్ చుట్టుపక్కల ఎర్రనేలల్లో ఈ సంఘాల ఆడవాళ్లు వ్యవసాయం ఎలా చేస్తారో చూశారా? ఒకే చెలకలో పదిహేను, ఇరవై రకాలు కలిపి వేస్తారు. జొన్న, కంది, పెసర, మినుము, నువ్వులు, కొర్ర, బొబ్బర్లు. ఒక ఏడు వాన లేటైతే కొన్ని పోతాయి, కొన్ని నిలుస్తాయి. అన్నీ ఒకేసారి పోవడం అరుదు. ఇల్లు గడుస్తుంది.

మీ ఆదాయం కూడా అలా ఉండాలి. ఒక్క యూట్యూబ్ మీద బతకడం అంటే వాన మీద ఆధారపడి ఒక్క పంటే వేసినట్టు. అల్గోరిథం మారితే మొత్తం ఎండిపోతుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయండి. బడి పిల్లలకి ఆదివారం డ్రాయింగ్ చెప్పండి. ఊర్లో దుకాణాలకి బోర్డులు డిజైన్ చేయండి. అన్నిటి మధ్యలో మీ సొంత పని ఒక సాలు వేసుకోండి, అది మాత్రం ఏ ఏడూ మానొద్దు.

సంఘం రేడియో కూడా అలాగే ఉంది చూడండి. వినేవాళ్లు పగలు పొలంలో ఉంటారు కాబట్టి పనులు అయ్యాక, రాత్రి పూట ప్రసారం. వాళ్ల కార్యక్రమాలకి సరుకు ఇచ్చింది కూడా ఆ పొలమే. జాబ్ చేస్తూ కళ చేయడం చిన్నతనం అనుకునేవాళ్లకి నా జవాబు ఇదే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అందరి జాబూ ఒకటి కాదు. ఏసీలో ఎనిమిది గంటలు కూర్చుని వచ్చినవాడు రాత్రి రెండు గంటలు ఎడిటింగ్ చేయగలడు. ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ నిలబడి వచ్చినవాడికి "నాలుగింటికి లేచి ప్రాక్టీస్ చెయ్" అని చెప్పడం అన్యాయం. అలాంటివాళ్లకి నా సలహా, రోజూ వద్దు. వారంలో ఒక్క పూట పెట్టుకోండి. వారాంతపు సెలవు పొద్దున నాలుగు గంటలు, ఫోన్ పక్కింట్లో పెట్టి. ఏడాదికి రెండు వందల గంటలు. తక్కువేం కాదు.

మరి ఎప్పుడు మానేయొచ్చు? నేను మూడు గుర్తులు చెప్తా. ఒకటి, ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి. రెండు, మీ పనికి డబ్బులిచ్చేవాళ్లు కనీసం ముగ్గురు వేర్వేరు మనుషులు ఉండాలి. మూడు, వాళ్లలో ఒకరైనా రెండోసారి వచ్చి ఉండాలి. మొదటిసారి మొహమాటానికో, చుట్టరికానికో వస్తారు. రెండోసారి వచ్చారంటే పని బాగుందని. ఈ మూడూ ఉంటే ఆలోచించండి. లేకపోతే జాబ్ చేసుకుంటూ మీ పని కొనసాగించండి.

ఇంట్లోవాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీ నాన్న "గ్యారంటీ ఏంది?" అని అడుగుతాడు. అది శత్రువు ప్రశ్న కాదు. అప్పు తెచ్చి ఫీజు కట్టినాయనకి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. దానికి "నాన్నా, నా ప్యాషన్ నీకు అర్థం కాదు" అనేది జవాబు కాదు. ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ నెల ఏం పని చేశా, ఎవరు ఎంత ఇచ్చారు, ఎంత ఖర్చయింది. ఆరు నెలలయ్యాక ఆ పుస్తకం ముందు పెట్టండి. మాటలకి లొంగని మనిషి లెక్కకి లొంగుతాడు. మొత్తం లొంగకపోయినా, ఇంకో ఆరు నెలలు ఆగుతాడు.

చెల్లెళ్లకి, అక్కలకి ఇది ఇంకా కష్టం. మీకు గ్యారంటీ అడగరు, డేట్ అడుగుతారు. సంబంధాలు చూస్తున్నాం అంటారు. మీ విషయంలో నోట్‌బుక్‌తో పాటు సొంత బ్యాంక్ అకౌంట్ కూడా ఉండాలి. మీ పని డబ్బులు, ఎంత చిన్న మొత్తమైనా, అందులోనే పడాలి. ఐదొందలైనా సరే. పెళ్లి మాట వచ్చినప్పుడు "ఇది నా పని, దీనికి ఇంత వస్తుంది, ఇది మానను" అని చెప్పడానికి ఆ పాస్‌బుక్ పనికొస్తుంది.

మూడో మాట, ఏం తీయాలి, ఎలా తీయాలి.

ఈ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోనే వీడియో తీసే ఆడవాళ్లు కూడా ఉన్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ పెట్టుకున్నారు. బడి మొహం చూడనివాళ్లు కూడా కెమెరా నేర్చుకున్నారు. టాప్ యాంగిల్, లో యాంగిల్ అని వాళ్లకి చెప్తే, వాళ్లు ఆ షాట్లకి తమ సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. ఎందుకంటే పటేల్ గద్దె మీద కూర్చుని కింద ఉన్నవాళ్లని అలాగే చూస్తాడు. మనిషి కళ్లకి సమానంగా కెమెరా పెడితే అది సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కాబట్టి.

నేను ఫిల్మ్ మేకింగ్ మీద చాలా ఇంగ్లిష్ వీడియోలు చూశా. కెమెరా యాంగిల్ గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్లు నాకు కనిపించలేదు.

ఇప్పుడు మీ ఫోన్ తీసి మన ఊళ్ల మీద వచ్చే రీల్స్ చూడండి. ముసలమ్మని ప్రాంక్ చేసి ఆమె కంగారు చూసి నవ్వడం. యాసని వెటకారం చేయడం. అన్నం పెట్టి, తినేవాడి కన్నీళ్ల మీద జూమ్ చేయడం. కెమెరా ఎక్కడున్నా అవన్నీ పటేల్ షాట్లే. వ్యూస్ వస్తాయి, కాదనను. కానీ ఆ ముసలమ్మ గడపలోకి మళ్లీ పోగలరా? ఆమె మిమ్మల్ని మళ్లీ రానిస్తుందా? సొంత ఊర్లో పనిచేసే ఆర్టిస్టుకి ఇదే పరీక్ష. తీసిన వీడియో ఆమెకే చూపించి పక్కన కూర్చోగలిగితే పోస్ట్ చేయండి.

మన యాస పనికిరాదనేవాళ్లకి జగిత్యాల జిల్లా లంబాడిపల్లి చూపించండి. శ్రీరామ్ శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టింది అక్కడే. ఊరి మనుషులు, ఊరి మాట, ఊరి ఇళ్లు. పొలం పని చేసుకునే గంగవ్వ అందులో నటించి ఎంత పేరు తెచ్చుకుందో మీకు తెలుసు. 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. తర్వాత 2023లో వేణు యెల్దండి బలగం తీశారు. ఒక పల్లెలో ముసలాయన చావు, పిట్ట ముట్టడం, బావాబామ్మర్దుల అలక. ఊళ్లల్లో తెరలు కట్టి ఆ సినిమా చూశారు. ఏళ్ల తరబడి కమెడియన్‌గా చేసిన మనిషి, తన సొంత ఇంటి లాంటి కత తీసినప్పుడు జరిగింది అది.

మనకి జహీరాబాద్‌లో ఇంకో అదృష్టం ఉంది. ఒకే సందులో తెలుగు, ఉర్దూ, కన్నడ వినిపిస్తాయి. మరాఠీ కూడా. బీదర్ పక్కనే, అక్కడ బిద్రీ పని చేసే చేతులున్నాయి. ఇటు చెరుకు బండ్లు, అటు ట్రాక్టర్ ఫ్యాక్టరీ, ముంబై హైవే మీద ధాబాలు. సంక్రాంతికి మొదలై, ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర. హైదరాబాద్ నుంచి వచ్చినవాడికి ఇదంతా రెండు రోజుల కంటెంట్. మీకు మాత్రం ఇది ఇరవై ఏళ్ల పరిచయం.

ఆ పరిచయాన్ని వాడుకోవాలంటే మళ్లీ మళ్లీ పోవాలి. కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఆడవాళ్లు వరంగల్ బీటీ పత్తి రైతుల మీద సినిమా తీసినప్పుడు ఒక్కరోజు పోయి బైట్లు తీసుకుని రాలేదు. పంటకాలం అంతా అవే రైతుల దగ్గరికి తిరిగి తిరిగి పోయారు. విత్తేటప్పుడు ఆశతో మాట్లాడిన మనిషే, ఏరేటప్పుడు ఏమన్నాడో రికార్డయింది. ఆ సినిమా వేరే దేశాల్లో కూడా చూపించారు. మీరు ట్రెండింగ్ ఆడియో మీద ముప్పై రీల్స్ చేసే టైమ్‌లో, ఒక్క మనిషిని ఏడాది పొడవునా నెలకోసారి కలిసి షూట్ చేయండి. ఆ పని మీ బదులు ఇంకెవరూ చేయలేరు.

నాలుగో మాట, కాగితం. ఇది బోరు కొడుతుంది, కానీ స్కిప్ చేయకండి.

12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారు తెలుసు కదా. భీమ్లా నాయక్ పాటతో దేశమంతా విన్నది. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కట్టడం పనిలో కూలి చేస్తున్నారని వార్తలొచ్చాయి. ఎవర్నీ నిందించడానికి ఇది చెప్పట్లేదు. పేరు, అవార్డు, వైరల్ అవ్వడం, ఇవేవీ ఆదాయం కావు. ఆదాయం కావాలంటే హక్కు ఉండాలి. హక్కు ఉండాలంటే కాగితం ఉండాలి.

మన కాపీరైట్ చట్టం 1957ది. అందులో మనకి పనికొచ్చే మూడు విషయాలు చెప్తా. మొదటిది, డబ్బులిచ్చి ఎవరైనా మీ చేత ఫొటోలో, వీడియోనో తీయించుకుంటే, వేరే ఒప్పందం రాసుకోకపోతే దాని మొదటి ఓనర్ డబ్బులిచ్చినవాళ్లే, మీరు కాదు. అంటే మీరు తీసిన పెళ్లి వీడియోని మీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవాలన్నా ముందే ఒక లైన్ రాయించుకోవాలి. రెండోది, మీ హక్కులు వేరేవాళ్లకి రాసిస్తున్నప్పుడు అది రాతలో ఉండాలి, సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం 5 ఏళ్లనే అనుకుంటుంది. ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. అందుకే పెద్ద కంపెనీల కాగితాల్లో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని ఉంటుంది. ఆ రెండు ముక్కలు కనిపిస్తే ఆగి, రేటు మళ్లీ మాట్లాడండి. మూడోది పాట రాసేవాళ్లకి, ట్యూన్ కట్టేవాళ్లకి. 2012లో చట్టం మార్చి, వాళ్ల రాయల్టీ వాటాని వదులుకుంటున్నామని రాయించుకున్నా చెల్లకుండా చేశారు. ఎవరైనా "ఒకేసారి ఇంత తీస్కో, ఇక నీకేం రాదు" అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి. పెద్ద మొత్తమైతే లాయర్‌కి ఒకసారి చూపించండి. చిన్న పనైతే కనీసం వాట్సాప్‌లో రాసి, "ఓకే" అనిపించుకోండి. నోటిమాట కంటే నయం.

ఇక చివరి మాట. ఇంతసేపు మాచ్‌నూర్ గురించి చెప్పా కాబట్టి ఒక తేడా కూడా చెప్పాలి. లేకపోతే మీకు అబద్ధం చెప్పినట్టు అవుతుంది. వాళ్లు పదేళ్లు ఆగగలిగారంటే వెనక ఒక సంస్థ ఉంది, స్టూడియో ఉంది, ఊరూరా సంఘాలున్నాయి. మీరు ఒక రూమ్‌లో ఒక ఫోన్‌తో ఒంటరిగా ఉన్నారు. ఒంటరిగా పదేళ్లు ఎవరూ ఆగలేరు. రెండో ఏడే అలసిపోతారు. టాలెంట్ లేక ఆగిపోయినవాళ్ల కంటే, మాట్లాడే తోడు లేక ఆగిపోయినవాళ్లనే నేను ఎక్కువ చూశా.

అందుకే మీ సంఘం మీరే కట్టుకోండి. నలుగురు చాలు. పాడేవాళ్లు ఒకరు, రాసేవాళ్లు ఒకరు, షూట్ చేసేవాళ్లు ఒకరు, లెక్కలు చూసేవాళ్లు ఒకరు. కెమెరా ఒక్కొక్కరు కొనొద్దు, నలుగురు కలిసి ఒక మంచి మైక్ కొనండి. ముందు మైకే, కెమెరా తర్వాత. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట వినపడకపోతే పది సెకన్లు కూడా ఆగరు. ఒకరికి పరీక్షలుంటే ఇంకొకరు పని నడిపిస్తారు. రేడియో దగ్గర ఒక్క నర్సమ్మ కాదు, ఇద్దరు ఉన్నారని మర్చిపోకండి.

ఈ వారం మీకు ఒకటే పని. మీరు చేసిన ఒక్క పాట, ఒక్క బొమ్మ, ఒక్క వీడియో, ఒక్క కత తీసుకోండి. అప్‌లోడ్ చేయకండి. అది ఎవరి గురించో, ఎవరి కోసమో, వాళ్లలో ఐదుగురి దగ్గరికి పోయి ఎదురుగా కూర్చుని చూపించండి. వాళ్లు చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ పేజీ మీద ఈ రోజు తేదీ వేయండి. దీనికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ మైక్ సంగతి చూద్దాం. రెండు వేల లోపు ఏం కొనాలి, ఫోన్‌తో గాలి చప్పుడు లేకుండా ఎలా రికార్డ్ చేయాలి అని. అప్పటిదాకా పని చేస్తూ ఉండండి. ఉంటా మరి, నమస్తే.